పెట్టె మీద పేరు

యాన్బు, సౌదీ అరేబియా

అంజవ్వ వదినకు,

ఇక్కడి మన తెలుగు కార్మికుల సంఘం ఎన్నికల్లో మా జట్టు తరఫున అధ్యక్షునిగా ఎవరు నిలబడాలో మావాళ్లు చేతులెత్తి తేల్చారు. ప్రభాకర్ గెలిచాడు, నేను ఓడిపోయాను. నా గదిలో ఉండే ఎల్లన్న కూడా నాకు చెయ్యెత్తలేదు. "నిన్ను జూస్తే శవప్పెట్టె యాదికొస్తదన్నా" అన్నాడు. అన్నను పెట్టెలో ఊరికి పంపినప్పటి నుంచి, ఇక్కడ ఎవరు పోయినా ఆ పని నేనే చూస్తున్నాను కదా.

ఉపాధ్యక్షునిగా తనతో నిలబడమని ప్రభాకర్ అడిగాడు. మనసు విరిగి, పూర్తిగా తప్పుకుందామనుకున్నాను.

ఈ పొద్దున రాబిగ్‌లో ఎల్లన్న తమ్ముడు పనిలో పైనుంచి పడి చనిపోయాడు. ఎల్లన్న ప్రభాకర్ దగ్గరికి పోలేదు. నా చెయ్యి పట్టుకుని, "నా తమ్మున్ని నువ్వే పంపన్నా" అని ఏడ్చాడు.

ప్రభాకర్‌కు సరేనన్నాను వదినా. పెట్టె మీద పేరు అరబ్బీలో ఉంటుంది. అన్నకు రాసినట్టే, కింద తెలుగులో నేను రాస్తాను.

నీ మరిది