వాండా గారి కుర్చీ

జనవరి 14

గౌరవనీయులైన శ్రీమతి వాండా సోబ్‌చాక్ గారికి,

గవర్నరు పదవికి పోటీ చేస్తున్న ఎల్స్‌వర్త్ గారి ప్రచార కార్యదర్శిని. ఉక్కు మిల్లు కార్మికులు ఆయన్ని లాయరు బాబుగానే చూస్తున్నారు. వాళ్ళ ఓట్లు పడకపోతే ఓడిపోతాం. ముప్ఫై ఏళ్ళుగా మిల్లులో క్రేను నడుపుతున్న మీరు ఉప గవర్నరు అభ్యర్థిగా ఆయన పక్కన నిలబడాలని మా కోరిక.

ఈ మాట చెప్పడానికే నిన్న మీ ఇంటికి వచ్చాం. మీరు షిఫ్టులో ఉన్నారట. వీధంతా మోకాలి లోతు మంచు. అదృష్టం బాగుండి మీ గుమ్మం ముందు ఒక్కచోట తవ్వి శుభ్రంగా ఉంది. అడ్డంగా ఉన్న పాత సామాను తీసేసి కారు అక్కడే ఆపుకున్నాం.

ఇట్లు,
ప్రెస్టన్ హేవరిల్

తా.క. మీ ఇరుగుపొరుగు కిటికీల్లోంచి మమ్మల్నే చూస్తూ నిలబడ్డారు. ఎల్స్‌వర్త్ గారు అందరికీ చెయ్యి ఊపారు. ఇంత ఆదరణ ఊహించలేదు.

జనవరి 17

ప్రెస్టన్ బాబుకి,

అడిగినందుకు సంతోషం. మా వాళ్ళ పింఛన్ల గురించి పైవాళ్ళని గట్టిగా నిలదీసే మనిషి ఒకరుండాలని నాకూ ఉంది. కానీ ముందు నా కుర్చీ సంగతి తేలాలి. దానికోసం రెండు గంటలు నడుం పడిపోయేలా కష్టపడ్డాను. అది నా చేతికి వచ్చేదాకా ఇంకో మాట లేదు.

ఉంటాను,
వాండా

తా.క. ఆకుపచ్చది.

జనవరి 20

గౌరవనీయులైన వాండా గారికి,

కుర్చీ గురించి ఇంత నిర్మొహమాటంగా అడిగినవాళ్ళు మా రాజకీయాల్లో లేరు. ముప్ఫై ఏళ్ళ చాకిరీని రెండు గంటలన్న మీ వినయానికి ఎల్స్‌వర్త్ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఉప గవర్నరే సెనేటుకు అధ్యక్షులు కనుక, గెలిస్తే అక్కడి కుర్చీ మీదే. కాకపోతే అది ఎర్ర ముఖమల్. ఆకుపచ్చ బట్ట వేయించడానికి ఒక కమిటీ వేస్తాం.

నిన్న మీ యూనియన్ హాల్లో సభ జరిగింది. మా డ్రైవరు మీ వీధి నుంచి డిక్కీలో వేసుకొచ్చిన ఒక పాత కుర్చీని ఎల్స్‌వర్త్ గారు వేదిక మీద ఎత్తి చూపించారు. "ఈ రాష్ట్రం కార్మికుణ్ణి ఇలాగే వీధిలో పారేసింది. నేను తీసుకొచ్చాను" అన్నారు. అందరి చూపూ ఆ కుర్చీ మీదే.

ఇట్లు,
ప్రెస్టన్

తా.క. జనం ఎంతగా కదిలిపోయారంటే, ఒక్కరు కూడా కాఫీ ముట్టకుండా వెళ్ళిపోయారు.

జనవరి 24

ప్రెస్టన్ బాబుకి,

మా ఊళ్ళో మంచు తవ్వినవాళ్ళదే ఆ చోటు. తవ్వి, కుర్చీ పెట్టి, పనికి పోతాం. తిరిగొచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. నా మొగుడు విడాకులిచ్చి ఇంట్లో సామానంతా పట్టుకుపోయాడు గానీ, ఆ కుర్చీ జోలికి మాత్రం పోలేదు. మీ ఎల్స్‌వర్త్ గారు దాన్ని ఎత్తి చూపిస్తుంటే హాల్లో నాలుగొందల మందీ అది ఎవరిదో గుర్తుపట్టారు. కోపంతో నాకు ఏడుపొచ్చింది.

నిన్న మీ ప్రత్యర్థి ఓల్డెన్ గారు వచ్చారు. కుర్చీ లేదు కనుక నా చోట్లో ఇస్త్రీ బల్ల పెట్టాను. ఆయన అది చూసి, మూడు వీధుల అవతల కారు ఆపి నడిచొచ్చారు. దారిలో రెండుసార్లు జారిపడ్డారట. పింఛన్ల గురించి అడిగితే తెలియదన్నారు, నేర్పమన్నారు.

నేను ఆయన పక్కన నిలబడుతున్నాను. యూనియన్ కూడా.

ఉంటాను,
వాండా

తా.క. కుర్చీ తిరిగి పంపొద్దు. నవంబరు ఎన్నికల తరవాత ఎల్స్‌వర్త్ గారికి కూర్చోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. తీగ చుట్టిన కాలివైపు మాత్రం బరువు వేయొద్దని చెప్పండి.