గంగమ్మ గద్దె తడిసిందా

పోలమ్మకు, నేను క్షేమం. ఈ అండమాన్ చివరి దీవుల్లో ఫోను అందక కార్డు రాస్తున్నాను. సముద్రం కోసేస్తున్న ఒడ్లకు రాళ్లు వేస్తున్నాం. నిన్న, ఇక్కడ స్థిరపడ్డ సిక్కోలు ముసలమ్మ ఒకావిడ కెరటాల్లోకి వేలు చూపించి, "నా వొంటిల్లు అక్కడుండీది బాబూ. నీళ్లు తొలిసారి గుమ్మంలోకొస్తే పసుపూ కుంకుమా ఎట్టి మొక్కినాం" అంది. అది విన్నాకే ఈ కార్డు రాయడానికి కూర్చున్నాను. పోయినేడు కెరటం మన జాలరిపేట గంగమ్మ గద్దె ఎక్కితే, తల్లి తానమాడిందని మనమూ సంబరపడి కొబ్బరికాయలు కొట్టాం కదా. ఇప్పుడు గద్దె పొడిగా ఉందా? చంటిదాని దగ్గు తగ్గిందా? ఈసారి నీళ్లు అక్కడిదాకా వస్తే కాయ కొట్టకు. మా అమ్మనీ పిల్లనీ తీసుకుని సముద్రానికి దూరంగా ఎత్తున ఉన్న సీతమ్మధారలో అక్క ఇంటికి వెళ్లిపో. గంగమ్మ మిమ్మల్ని దూరం నుంచే చల్లగా చూడాలి.

నీ ఎర్రయ్య