వెనక గేటుకు అడ్డంగా గోడ

ఊరంతా పెద్ద టీచరమ్మ అని పిలిచే నేను, మూతబడిన నూలుమిల్లును కొని రెసిడెన్షియల్ స్కూలుగా మార్చి నడిపినదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా రాయించిన వీలునామా ఇది. నాకు మతి తప్పిందని రాయించుకోవడానికి నా కొడుకు ఒక డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన నన్ను ఓపిగ్గా ప్రశ్నలడిగి, వరండాలోకి వెళ్లి, "మీ అమ్మగారి మతికేం కాలేదండీ, మీరే కాస్త జాగ్రత్తగా ఉండండి" అన్నాడు. తలుపు తెరిచే ఉంది. ఆయన ఇచ్చిన సర్టిఫికెట్ దీనికి జతపరచడమైనది. ఇదివరకు రాసిన వీలునామాలన్నీ రద్దు. వాటిలో కొడుకు ముందు "ప్రియమైన" అని రాయించాను. ఆ మాట కూడా రద్దు.

1. స్కూలు భవనాలు, ఆటస్థలం, ఈతకొలను, లైబ్రరీ, ఆస్పత్రి గది నా స్వార్జితం. నా తదనంతరం ఇవన్నీ ఒక ట్రస్టుకు సర్వహక్కులతో దఖలుపడాలి. ట్రస్టులో సగంమంది ఊరివాళ్లు ఉండాలి. సాయంత్రాలు కొలనులో ఊరి పిల్లలు ఈదాలి, లైబ్రరీలో ఊరివాళ్లు చదువుకోవాలి, ఆస్పత్రి గదిలో ఎవరొచ్చినా నర్సు చూడాలి. దీన్ని సేవ అన్నవాళ్లను ట్రస్టులోంచి తీసేయండి. మన పిల్లలకు అన్నం వండేదీ, బట్టలు ఉతికేదీ, పాలు పోసేదీ ఊరే. వాళ్లు మనకు వండితే పని, మనం వాళ్లకు కొలను తెరిస్తే సేవా? ఫీజులు కట్టే తల్లిదండ్రులకు ఒక మాట. ఈత పోటీల్లో మీ పిల్లలు ఊరి పిల్లల చేతిలో ఓడిపోయి ఏడుస్తూ మీకు ఫోన్లు చేశారే, ఈ స్కూల్లో వాళ్లు నేర్చుకున్న అసలు పాఠం అదొక్కటే. మిగతావి మీరు ఇంట్లోనే చెప్పించుకోవచ్చు.

2. స్కూలు కరస్పాండెంటుగా ఉన్న నా కొడుక్కి పై ఆస్తిలో ఎట్టి హక్కూ లేదు. కారణం అతనికి తెలుసు. తెలియనట్టు నటిస్తాడు కనుక రాయిస్తున్నాను.

ఊరివాళ్లు ఆస్పత్రి గదికి వెనక గేటునుంచి వచ్చేవారు. పెద్దింటి పిల్లలున్న చోట ఈ రాకపోకలేమిటని ఎవరో తల్లిదండ్రులు ముక్కు చిట్లించారు. నేను కాలు విరిగి మంచంలో ఉన్నాను. నన్నొక మాట అడక్కుండా కొడుకు ఆ గేటు పీకించి గోడ కట్టించాడు. స్పోర్ట్స్ డే నాడు మైదానం నిండా కార్లు. మన యూనిఫారాలు కుట్టే కుట్టు మాస్టారు, ఆయాసంతో ఊపిరందని భార్యను రిక్షాలో పడుకోబెట్టి ముందు గేటుకు తెచ్చాడు. వాచ్‌మన్ ఫోన్ చేస్తే నా కొడుకు అన్న మాట ఇది: "పేరెంట్స్ ఉన్నారు, చూడ్డానికి బాగుండదు. వెనక గేటుకి రమ్మను." తాను కట్టించిన గోడ తనకే గుర్తులేదు. సారు రమ్మన్నాడంటే దారి మళ్లీ తెరిచారనుకుని మాస్టారు స్కూలు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లేసరికి అక్కడ గోడ. ఆయన భార్య ఆ గోడకు ఆనుకుని కూర్చుని చచ్చిపోయింది. లోపల ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉంది. మైకులో పేర్లు పిలుస్తూ నా కొడుకు బహుమతులు పంచుతున్నాడు.

మర్నాడు నా గదికొచ్చి, "ఖర్మ, ఏం చేస్తామమ్మా" అన్నాడు. నాయనా, నువ్వేం చేశావో నేను చెప్తున్నాను. నువ్వు గోడ కట్టావు. ఆ గోడ నీది. నేను పోయాక నెలలోపల నీ సొంత ఖర్చుతో పడగొట్టించి ఇటుకలు తీసుకుపో. నీకు నా ఆస్తి ఆ ఇటుకలే. కరస్పాండెంటు కుర్చీ, నువ్వున్న స్కూలు క్వార్టర్సు కూడా అప్పుడే ఖాళీ చెయ్యాలి.

3. ట్రస్టు ఛైర్మన్‌గా కుట్టు మాస్టారును నియమిస్తున్నాను. ఆయన మీద గౌరవంతో కాదు. భార్య పోయిన వారానికే నా కొడుకు యూనిఫారాల కాంట్రాక్టు మళ్లీ ఆయనకే ఇస్తే నోరెత్తకుండా తీసుకున్నాడు. ఇదేమిటయ్యా అని నేనడిగితే, "పిల్లలున్నారు కదమ్మా, మాట్లాడితే కూడు రాదు" అన్నాడు. ఆ మాట నిజం, అందుకే ఆయన మీద కోపం. నా కొడుకు ఆయన ముఖం చూడలేడు, రోడ్డు మీద ఎదురైతే కారు సందులోకి తిప్పేస్తాడు. ఛైర్మన్‌కు ఉండాల్సిన అర్హత నాకు ఇంతకంటే వేరే కనబడలేదు.

4. నా కోడలు స్కూలు పత్రికకు సంపాదకురాలు. "ఊరి సేవలో మేము" అన్న పేజీలో ఆమె కుట్టు మాస్టారు భార్యకు దుప్పటి ఇస్తున్న ఫొటో ఉంది. ఆ సంచిక మాస్టారు భార్య చనిపోయాక అచ్చయి వచ్చింది. అచ్చుకు ముందు ఫొటో తీసేద్దామా అని ప్రెస్సువాడు అడిగితే, "బాగా వచ్చింది, ఉండనీ" అందట. నిజంగానే బాగా వచ్చింది, ముఖ్యంగా కోడలి చీర. దాన్ని పెద్దదిగా ఫ్రేము కట్టించాను. నా బంగారు గాజులూ గొలుసూ కోడలికే, ఆ ఫొటో ఆమె ఎక్కడ కాపురమున్నా ముందుగదిలో వేలాడుతున్నంతకాలం. నర్సు ఎప్పుడైనా చెప్పకుండా వెళ్లి చూడవచ్చు. గోడ మీద లేకపోతే నగలు అమ్మి ఆస్పత్రి గదికి మందులు కొనాలి.

5. వాచ్‌మన్ "నేనేం చేసేదమ్మా, సారు మాట" అన్నాడు. అబద్ధం కాదు. అతని ఉద్యోగం అలాగే ఉంటుంది, కానీ ఇకమీదట ఊరివాళ్లు ఎవరు గేటు దగ్గరికొచ్చినా లేచి నిలబడి ఆస్పత్రి గది దాకా తోడు వెళ్లాలి. అతని మోకాళ్లు నొప్పులని తెలుసు. నా ఉన్ని శాలువా అతనికి. చలిలో మోకాళ్లకు చుట్టుకోమనండి.

6. నర్సు ఈ ఊరి నుంచి మన స్కూల్లో చేరిన మొదటి ఆడపిల్ల, మిల్లు కార్మికుడి కూతురు. ఆ రోజు సంగతి తెలిసి సిలిండరు భుజాన వేసుకుని గోడ ఎక్కబోయి పడింది. మణికట్టు ఇప్పటికీ సరిగా తిరగదు. నేనుంటున్న గదులు, మంచం, రేడియో, నేను ఎవరికీ ముట్టుకోనివ్వని పింగాణీ కప్పులు ఆ పిల్లవి. అమ్మా, కప్పులు దాచుకోకు, వాటిలో టీ తాగు. ఈ వీలునామాను అమలు చేసేదీ ఆమే.

7. నా మనవడు మొన్న ఈతలో కుట్టు మాస్టారు కూతురి చేతిలో ఓడిపోయి, తడి జుట్టుతో నా గదికి పరిగెత్తుకొచ్చి, "నానమ్మా, అది చేపలా ఈదుతుంది తెలుసా" అన్నాడు. ముఖంలో ఏ మూలా ఏడుపు లేదు. నా చేతి గడియారం వాడికి.

వాడి చదువు గురించి. ట్రస్టు ఏటా లేనివాళ్ల పిల్లలకు కొన్ని సీట్లు ఉచితంగా ఇవ్వాలి. ఈ వీలునామా అమల్లోకొచ్చాక వాడి తండ్రికి జీతమూ ఇల్లూ ఉండవు కనుక వాడూ అర్హుడే. అయితే తండ్రి స్వయంగా రావాలి. మిగతా తల్లిదండ్రుల పక్కన బెంచీ మీద కూర్చోవాలి. పిలిచినప్పుడు లోపలికెళ్లి కుట్టు మాస్టారును నోరు తెరిచి అడగాలి. సీటు ఇవ్వమని మాస్టారుకు నేను చెప్పడం లేదు. ఇవ్వొద్దనీ చెప్పడం లేదు.

పైవన్నీ చదివించుకుని విని, సరేనని సంతకం చేస్తున్నాను.

తేదీ: జూన్ పదకొండు, స్కూలు తెరిచే రోజు.

సంతకం: పెద్ద టీచరమ్మ

సాక్షులు:
1. హాస్టలు వంటమనిషి
2. ఈత మాస్టారు