మెట్లెక్కిన మోకాలు

శనివారం, రాత్రి. పలమనేరు.

నా మోకాలు ఆపరేషనప్పుడు, నన్ను తిరుమలకు మెట్లదారిన నడిపిస్తానని నా భార్య సరస్వతి మొక్కుకుంది. నా వైకల్యం ఎంతో మళ్లీ తేల్చే మెడికల్ బోర్డు ముందు వచ్చే నెల నిలబడాలని తెలిసి కూడా నిన్న వెళ్లి ఆ మొక్కు తీర్చాను. మలుపు మలుపుకీ కూలబడుతూ ఎక్కాను. బామ్మర్ది మాత్రం పైమెట్టు మీద నేను నవ్వుతుంటే వీడియో తీసి స్టేటస్‌లో పెట్టుకున్నాడు. పొద్దునకల్లా అది మా మాజీ సైనికుల గ్రూపులోకి వచ్చేసింది. ఎవరు పంపారో తెలియదు.

సాయంత్రం పాల కేంద్రం దగ్గర, నాతోపాటు రిటైరైన హవల్దారు పలకరించాడు. "కాలు బాగైపోయినట్టుండాదే అప్పా! బోర్డు వాళ్లు గూడా సూసుంటార్లే." నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

సర్వీసు పింఛను ఎక్కడికీ పోదు. వైకల్యానికని దానికి కలిపి ఇచ్చే భాగమే ఈ మోకాలి మీద నిలబడి ఉంది. పాప కాలేజీ ఫీజు ఆ భాగంలోంచే కడుతున్నాం.

వీడియో తీసేయమని చెబితే మాత్రం... తప్పు చేసినవాడిలా కనబడనూ?

ఇందాక మంచినీళ్లకని లేచి వంటింటి వైపు నడిచాను. చీకట్లోంచి సరస్వతి గొంతు వినిపించింది.

"ఈడ ఎవురు సూస్తా ఉండారని అట్ల కుంటతారు?"

ఆగిపోయాను. నొప్పికే కుంటుతున్నానా, కాదా అన్నది నాకే తెలియలేదు.