అంత మంచి రోడ్డు

జనవరి 6, 2025. బేతంచెర్ల

ఒమన్ నుంచి వచ్చి పంతొమ్మిది రోజులు. ఇంకా స్టీరింగ్ ముట్టలేదు. నాపరాళ్ల లారీ నడపమని పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు రెండుసార్లు కబురు పెట్టాడు. నడుం నొప్పి అన్నాను. జెస్సీ నమ్మినట్టు లేదు. నా భార్య, పెళ్లయి పదిహేనేళ్లు, ఎట్లా నమ్ముతుంది?

జనవరి 8

చర్చిలో ప్రార్థన అయ్యాక అందరూ చుట్టూ చేరి అక్కడి రోడ్ల గురించి అడిగారు. చెప్పాను. ముందు నేను పనిచేసిన కువైట్‌లో ఎన్ని లేన్లున్నా వెనక నుంచి లైట్లు కొట్టి తరుముతారు. ఒమన్‌లో లైసెన్సు కావాలంటే డ్రమ్ముల మధ్య రివర్స్ తీయాలి, నేను మూడోసారికి పాసయ్యాను. స్పీడు దాటితే కెమెరా పట్టేస్తుంది. ఇక్కడేమో రోడ్డు మీదే ఆరబోసిన కందికట్టె, రాంగ్ సైడులో ట్రాక్టరు, రంగు వేయని స్పీడ్ బ్రేకరు. “ఈడ తోలినోడు యాడైనా తోలుతాడప్పా” అన్నాడు ప్రేమయ్య మామ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

అది నిజం కాదు. ఇక్కడ గుంతలు మనిషిని నిద్రపోనివ్వవు. అక్కడ ఎడారిలో గంటల తరబడి స్టీరింగ్ తిప్పే పనే ఉండదు. అంత మంచి రోడ్డు మీద ఎట్లా మెలకువగా ఉండాలో నాకెవరూ నేర్పలేదు.

జనవరి 11

ఈరక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జనవరి 12

ఓబుళేశు బ్యాగు నా మంచం కిందే ఉంది. కోసిగి మనిషి. ఆరేళ్లు ఒకే రూములో ఉన్నాం, ఒకే ట్రెయిలర్ మార్చి మార్చి నడిపాం. నవంబరులో యాక్సిడెంటులో పోయాడు. ఆ బ్యాగు అతని భార్య ఈరక్కకు ఇవ్వాల్సింది నేనేనని జెస్సీ అంటోంది.

జనవరి 17. కోసిగి

రెండు బస్సులు మారి వచ్చాను. ఈరక్క బ్యాగు తీసుకుంది, తెరవలేదు. మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఫోన్ చేసినప్పుడల్లా ఆ రోడ్డు గురించే చెప్తాండె ఆయప్ప. అద్దం మాదిరి ఉంటాదంట. అంత మంచి రోడ్డు మీద ఎట్ల సచ్చిపోయినాడన్నా?”

రిపోర్టులో టైరు పేలిందని ఉంది. పేలిన మాట నిజమే, బండి రాళ్లలోకి దూసుకెళ్లాక. పోలీసులకు ముందు పేలిందని చెప్పి సంతకం పెట్టాను. ఈమెకూ అదే చెబుదామని బస్సులో అనుకుంటూ వచ్చాను. నోరు రాలేదు.

“నేను నిద్రపోయినానమ్మా” అన్నాను. “నేనే తోల్తాంటి. పట్టపగలు, రెండు గంటలప్పుడు. కండ్లు మూతబడినాయి.”

బ్యాగు ఒళ్లోకి లాక్కుంది.

“ఆయప్ప?”

“పక్క సీట్లో పండుకోనుండె. నన్ను నమ్మి.”

“నొప్పి తెలిసిందా?”

“లేదు.”

“ఆ మాటన్నా నిజమేనా?”

“నిజమేనమ్మా.”

“పో” అంది.

జనవరి 18

జెస్సీకీ చెప్పాను. అన్నం ముందు నుంచి లేచిపోయింది. సాయంత్రం వచ్చి పక్కన కూర్చుంది.

ఫిబ్రవరి 3

ఈరక్క ఫోన్. ఒక్క రింగుకే ఎత్తాను.

మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతున్నారట. తనతో కలిపి పద్దెనిమిది మంది, ఒకే వ్యాను. డ్రైవరు ఒక ట్రిప్పు దించిన వెంటనే ఇంకో ట్రిప్పుకు తిరిగొస్తున్నాడట.

“రెండు దినాలాయ ఆ డ్రైవరు నిద్ర పోక. నువ్వు వచ్చి తోలు” అంది.

నేనా అన్నాను. స్టీరింగ్ ముట్టడమే మానేశానని చెప్పాను.

“నిన్ను మన్నించి పిల్సలేదు. నువ్వు ఇంక బండిలో నిద్రపోవు. అది నాకు తెలుసు.”

సరే అన్నాను.

ఫిబ్రవరి 5. మధ్యాహ్నం 3.10. గుంటూరు జిల్లా, మిరపచేను దగ్గర

దారిలో ఆరుచోట్ల వ్యాను ఆపి మొహం కడుక్కున్నాను.

ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపాను. పదిహేడు మంది. చివర ఈరక్క. నా చెయ్యి పట్టుకోలేదు. తానే దిగింది.