సందేహాల ఫైలు

ఓబులేసూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కళ్యాణదుర్గంలో వాన లేదు. మన కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో రెండు ఫ్యాన్లు ఆగిపోయాయి, మిగిలినవి వేడిగాలి విసురుతున్నాయి.

సి ప్రోగ్రామింగ్ గురించి పిల్లలు అడిగిన ప్రతి సందేహానికీ తెలుగులో జవాబు రాసి నువ్వు దాచిన ఫైలుంది కదా, దాని చివర కొత్త ప్రశ్న చేర్చే ప్రోగ్రామ్ రాయమన్నాను ఇవాళ పిల్లల్ని. అనిత అనే అమ్మాయి ఫైలు తెరిచే లైన్లో, చివర చేర్చమని చెప్పే 'ఎ' పెట్టాల్సిన చోట 'డబ్ల్యూ' పెట్టి రన్ చేసింది.

"పాతవన్నీ యాడికి పోయినాయి సార్?"

"డబ్ల్యూ పెడితే ఉండేదంతా తుడిచేసి మొదట్నుంచి రాస్తాదమ్మా. ఏడ్వొద్దు. కాపీ పెట్టుకోకుండా ఉండింది నేను కదా."

నువ్వుండగా కాపీ ఎందుకనుకున్నాను. నువ్వు పోయాక కూడా ఆ బద్ధకం వదల్లేదు.

ఇప్పుడు ఆ ఫైల్లో ఉన్నది అనిత ప్రశ్న ఒక్కటే: 'మెమరీని ఫ్రీ చేసి వదిలేసినాక కూడా, అది యాడుందో చూపించే పాయింటర్లో ఆ పాత అడ్రస్ ఎందుకుంటాది సార్?'

ఏటా ఎవరో ఒకరు అడిగేదే. దానికి నువ్వు రాసిన జవాబు నేనే పిల్లలకు ఎన్నోసార్లు చదివి వినిపించాను. అందరూ వెళ్లిపోయాక దాన్నే తిరిగి రాద్దామని ఆ ప్రశ్న ముందు కూర్చున్నాను.

జవాబు నాకు తెలుసు. నీ మాటల్లో మాత్రం ఒక్క వాక్యమూ గుర్తు రావడం లేదు.