ఇరవయ్యో సంతకం

విన్యే గ్రామం, డకోటా,
23 మార్చి 1988, బుధవారం.

కౌంటీ ఎన్నికల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాఠశాల బోర్డు సభ్యత్వమునకు మరల పోటీ చేయుటకై నేను దాఖలు చేసిన నామినేషను పత్రములో ఒక సంతకము తక్కువైనందున, పంతొమ్మిదింటితోనే స్వీకరించమని, లేదా వారము గడువు ఇమ్మని కోరుట గురించి.

నేను, ఆర్విడ్ టోలెఫ్సన్, వయసు డెబ్బై ఒకటి, ముప్పై ఒక్క సంవత్సరములు ఈ ఊరి బడి బస్సు నడిపినవాడను, మూడు దఫాలుగా బోర్డు సభ్యుడను, మనవి చేసుకొనునది:

1. నా పత్రములో ఇరవై సంతకములు ఉండెను. అందులో హాల్వర్ ఇవర్సన్ అను ముసలాయన పక్క కౌంటీలోని వృద్ధాశ్రమమునకు మారినందున, ఆయన ఓటు ఇక్కడ లేదని తమ కార్యాలయము కొట్టివేసి, పత్రమును నాకు తిప్పి పంపినది. న్యాయమే. కానీ గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలతో సరి. చేయదలచినవారందరూ ఇదివరకే చేసిరి; ఈ ఊళ్ళో నాకు ఇంకొక సంతకము దొరకదు. ఎందుకు దొరకదో చెప్పుకొనవలసియున్నది.

2. నిరుడు ఏప్రిల్‌లో మా ఊరి బడి మూసివేయు తీర్మానము బోర్డు ముందుకు వచ్చినది. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. ఐదవ చెయ్యి నాది. గట్టిగా మంచు పడితే బడి కప్పు ఆగదని ఇంజనీరు రాసి ఇచ్చియుండెను. కొత్త కప్పు వేయించు స్తోమత బోర్డుకు లేదు. మూసివేయుటకే నేను చెయ్యి ఎత్తితిని. ఇరవై ఏడుగురు పిల్లలు పట్నం బడికి పోవలసివచ్చినది. ఒక్కటే బస్సు, గంటకు పైగా దారి.

3. ఈ జనవరిలో మంచు తుఫానులో ఆ బస్సు రోడ్డు పక్క గోతిలోకి జారినది. మూడు గంటలు పిల్లలు అందులోనే ఉండిరి. ప్రాణములు దక్కినవి. మా ఊరి లవాన్ అను ఆమె కూతురు హైడీ, పదేళ్ళ పిల్ల, కుడికాలి వేళ్ళు రెండు చలికి చచ్చుబడగా డాక్టర్లు తీసివేసిరి. ఆ మలుపు దగ్గర రోడ్డు ఎటు వాలుతుందో నాకు తెలుసును. కొత్త డ్రైవరుకు చెప్పి ఉండవచ్చును. అతను అడగలేదు, నేనూ వెళ్ళి చెప్పలేదు.

4. మార్చి మొదటి తేదీ, మంగళవారం ఉదయం పదిన్నరకు, తడి మంచు బరువుకు ఖాళీ బడి కప్పు కూలినది. సరిగ్గా మూడో తరగతి గది మీద. బడి నడుస్తూ ఉంటే ఆ వేళకు పిల్లలు ఆ గదిలోనే ఉండేవారు. అయ్యా, నేను సంతోషించాను. దాచను. ఇప్పుడైనా ఎవరో ఒకరు నేను చేసినది మంచిదేనని ఒక మాట అంటారని మధ్యాహ్నం దాకా ఆ శిథిలాల ముందే నిలబడ్డాను.

ధాన్యం గోదాము నడిపే డ్వేన్ వచ్చెను. ఇతడు చిన్నతనమున పన్నెండేళ్ళు నా బస్సులోనే బడికి పోయినవాడు. కూలిన కప్పు వంక చాలాసేపు చూసి, కోపము లేకుండానే అనెను:

"పిల్లలుంటే బాయిలర్ వెలిగేది పెద్దాయనా. ఆ వేడికి మంచు ఎప్పటికప్పుడు కరిగి జారిపోయేది. ఖాళీగా పడేశాం కాబట్టే కూలింది."

ఇది నిజమా అని ఇంజనీరుకు ఫోను చేసి అడిగితిని. కావచ్చును, కాకపోవచ్చును అని చెప్పెను. నేను పిల్లలను కాపాడానో, బడిని చంపానో ఇక ఎవరూ తేల్చలేరు.

5. మరి ఏ మొహంతో మళ్ళీ నిలబడుచున్నావని తాము అడగవచ్చును. రెండో బస్సు వేయాలా వద్దా అన్నది సెప్టెంబరులో బోర్డు ముందుకు వచ్చును. మిగిలిన నలుగురూ పట్నం వారు. నా మీద పోటీ చేయు మందుల షాపు ఆయనా పట్నం వాడే. మంచివాడే, కానీ మా మట్టి దార్ల మీద ఎన్నడూ నడిచినవాడు కాడు. ఆ మలుపు తెలిసినవాడు ఒక్కడైనా అక్కడ కూర్చొనవలెను.

6. ఇప్పటికి పదకొండు ఇళ్ళు తిరిగితిని. డ్వేన్ కాఫీ పోసి, కేకు ముక్క పెట్టి, సంతకం తప్ప ఇంకేదైనా అడగమనెను. లవాన్ గారి ఇంటి ముందు రెండుసార్లు కారు ఆపి, దిగకుండానే తిరిగివచ్చితిని.

కావున, పంతొమ్మిదిని ఇరవైగా ఎంచి నా పత్రమును చిత్తగించవలెనని, చిత్తగింతురన్న ఆశ లేకపోయినను, అడుగుచున్నాను.

తమ విధేయుడు,
ఆర్విడ్ టోలెఫ్సన్

తా.క.: గురువారం పొద్దున కవరు అంటించబోతుండగా లవాన్ వచ్చింది. నేను సంతకం కోసం తిరుగుతున్నానని ఊళ్ళో విన్నదట. కూర్చోమంటే కూర్చోలేదు. పాప ఎలా ఉందని అడిగితే, నడుస్తోంది అంది. కాగితం అడిగి తీసుకుని, గోడకు ఆనించి, నిలబడే సంతకం చేసింది. నేను థాంక్స్ చెప్పబోయాను.

"చెప్పకండి," అంది. "జూన్‌లో మీకు వ్యతిరేకంగా ఓటు వేయాలి నేను. మీ పేరు బ్యాలెట్ మీద లేకపోతే ఎలా వేస్తాను?"

పైన రాసుకున్న మొర అంతా రద్దు చేయండి. ఇరవై సంతకాల కాగితం జత చేసి, గడువు లోపలే నేనే తెచ్చి ఇస్తున్నాను. నా పేరు అందరికీ కనబడేలా అచ్చు వేయించండి.